స్టైపెండ్‌ని రూపాయల్లో లెక్కేసుకోకు, తమ్ముడూ

అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పనుల లెక్కల్ని ఊరి జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీ బృందాలతో పనిచేసిన ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, ప్రజాస్వామ్యం మీద పనిచేసేవాళ్లకి అమెరికాలో ఫెలోషిప్పులు ఉన్నాయట. అప్లై చేద్దామనుకుంటున్నాను. వాళ్లిచ్చే డబ్బుతో నా భార్యనీ పాపనీ కూడా తీసుకురావచ్చా?"

అప్లై చెయ్యి, తప్పకుండా. భార్యాబిడ్డల్ని మాత్రం వెంట తీసుకురాకు. ఎందుకో చెప్తాను.

ముందు ఫెలోషిప్పుల సంగతి రెండు మాటల్లో. వాషింగ్టన్‌లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ అని 1983లో పెట్టిన సంస్థ ఉంది. కార్యకర్తలు, పరిశోధకులు, పాత్రికేయుల కోసం 2001లో అక్కడ రీగన్-ఫాసెల్ ఫెలోషిప్ మొదలైంది. మామూలుగా ఐదు నెలలు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫిషర్ ఫ్యామిలీ ఫెలోషిప్ (పాత పేరు డ్రేపర్ హిల్స్) అని వేసవిలో మూడు వారాలది ఒకటి. హంఫ్రీ ఫెలోషిప్ అయితే పది నెలలు, ఉద్యోగంలో కొన్నేళ్లు గడిచినవాళ్లకి. స్కాలర్స్ ఎట్ రిస్క్ లాంటివి ప్రాణానికో ఉద్యోగానికో ముప్పు వచ్చిన అధ్యాపకుల కోసం. ఆ చోటు వాళ్లకే వదిలేద్దాం. వీటిలో ఏదీ డిగ్రీ ఇవ్వదు. గడువులు, అర్హతలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో. నెల గడవడం ఎలాగో మాత్రం అక్కడ ఉండదు.

నేను 2008లో ఒక యూనివర్సిటీ ఫెలోషిప్ మీద వచ్చాను, పంచాయతీల్లో మహిళా సర్పంచుల మీద పరిశోధనకి. ఎంపిక ఉత్తరంలో నెలకి ఇన్ని డాలర్లు అని చూడగానే అప్పటి డాలరు రేటు నలభై చిల్లరతో గుణించాను. గుంటూరులో మా నాన్న జీతానికి ఎన్నో రెట్లు! ఇంట్లో అందరూ అదే లెక్క వేశారు. అన్నయ్య పొలం మీద తెచ్చిన అప్పు నేను తీరుస్తానని విమానం ఎక్కకముందే మాటిచ్చేశాను.

దిగాక తెలిసింది, మొదటి చెక్కు నెల గడిస్తే గానీ రాదని. ఇల్లుగలాయనకేమో తాళాలు ఇవ్వకముందే మొదటి నెల అద్దె, ఆపైన ఇంకో నెల అద్దె డిపాజిట్ కావాలి. మనకి ఇక్కడ క్రెడిట్ స్కోరు ఉండదు కాబట్టి అందరూ అనుమానంగానే చూస్తారు. ఎవరో ఒకరు ఇస్తానన్నారు కదా అని కంగారులో ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టేశాను. నా ఫెలోషిప్పే తొమ్మిది నెలలు. చివర్లో బయటపడటానికి డిపాజిట్ వదులుకోవాల్సి వచ్చింది. ఇక స్టైపెండ్‌లో పన్ను కోత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నీలాగా జె-1 అనే ఎక్స్‌చేంజ్ విజిటర్ వీసా మీద వచ్చి డిగ్రీ చదవనివాళ్లకి చాలామందికి 14 శాతం ముందే పట్టుకుంటారు. కాబట్టి ఉత్తరంలో రాసిన అంకె వేరు, చేతికొచ్చేది వేరు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పంటి దగ్గర తగిలింది. ఆరోగ్య బీమా ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. చలికాలంలో దవడ పన్ను సలపడం మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్తే కౌంటర్లో అమ్మాయి నా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో పళ్లు రావండీ" అని రూట్ కెనాల్ ఖర్చు రాసిన కాగితం నా ముందుకు తోసింది. అందులో అంకె నా స్టైపెండ్‌లో సగం దాటింది. ఆ నెల డబ్బు అప్పటికే అన్నయ్యకి పంపేశాను. లవంగ నూనె దూదితో అద్దుకుంటూ వారాలు గడిపాను. ఏ పని కోసం సముద్రాలు దాటి వచ్చానో ఆ సెమినార్ రోజున నోరు తెరిచి సరిగ్గా మాట్లాడలేకపోయాను. పన్ను తర్వాత గుంటూరులో పీకించుకున్నాను. ఆ సెమినార్ మాత్రం మళ్లీ రాలేదు.

నాతోపాటు జింబాబ్వే నుంచి ఒక లాయరు ఉండేవాడు. ధరలు అదుపు తప్పి 2009 జనవరిలో వంద లక్షల కోట్ల జింబాబ్వే డాలర్ల నోటు అచ్చేసిన దేశం అది. వాళ్లింట్లో అవసరం మా ఇంటి అవసరం కన్నా ఎక్కువే. అయినా చెక్కు రాగానే అద్దె, కూరలు, బస్సు, మందులు అని నాలుగు కవర్లలో పెట్టుకుని, నెలాఖరున మిగిలిందే ఇంటికి పంపేవాడు. నేను అది చూసి నేర్చుకునేసరికి ఫెలోషిప్ అయిపోవచ్చింది. ఆ తర్వాత ఇండియా వెళ్లి, ఉద్యోగం మీద మళ్లీ వచ్చి, ఇవాళ వాషింగ్టన్ శివార్లలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో అప్పు లేని ఇంట్లో ఉన్నానంటే ఆ కవర్ల అలవాటే కారణం.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. కనీసం రెండు నెలల ఖర్చు నీ చేతిలో పెట్టుకుని విమానం ఎక్కు. వేరే ఇల్లు వద్దు, ఎవరితోనైనా కలిసి గది తీసుకో. 2022 నుంచి మెట్రో మా ఆష్‌బర్న్ దాకా వస్తోంది, తెలుగువాళ్ల బేస్‌మెంట్లు అద్దెకి దొరుకుతాయి, పప్పన్నానికి లోటుండదు. కాకపోతే వాషింగ్టన్‌కి గంట ప్రయాణం, రోజూ టికెట్ డబ్బులు. అది కూడా అద్దెలో కలిపి చూసుకో. పుస్తకాలు కొనకు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రీడర్ కార్డు ఉచితం. వాళ్లు 1962లోనే ఢిల్లీలో ఆఫీసు పెట్టి మన భాషల పుస్తకాలు సేకరిస్తున్నారు, తెలుగువి కూడా అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. ఇంట్లో మాత్రం స్టైపెండ్ అంకె చెప్పకు. ఖర్చులు పోగా ఎంత మిగులుతుందో అదే చెప్పు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం నిధులు ఆపేస్తే ఆ ఎండోమెంట్ సంస్థే కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. అందుకని ఎక్కడ ఎంపికైనా సరే, డబ్బు మంజూరైందా, మధ్యలో ఆగిపోతే తిరుగు టికెట్ ఎవరిస్తారు అని రాతపూర్వకంగా అడుగు. మీ తరానికి ఫోన్లో అన్నీ దొరుకుతాయి గానీ, డబ్బు గురించి నోరు విప్పి అడగడానికి మొహమాటం. ఊరి జనం మధ్య మైకు పట్టుకుని, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటుని నిలదీసినవాడివి, నీకెందుకు మొహమాటం?

దరఖాస్తులో కూడా పెద్ద పెద్ద మాటలు వద్దు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మీ జిల్లా బండ్లపల్లిలోనే. కూలీల హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్లో చనిపోయినవాళ్ల పేర్లు ఎలా పట్టుకుంటారో, తనిఖీ చివర జరిగే బహిరంగ సభ ప్రజావేదికలో కూలీ లేచి నిలబడి మాట్లాడితే ఏమవుతుందో, తర్వాత తిన్న డబ్బు రికవరీ ఎందుకు ఆగిపోతుందో రాయి. అది నీకు తెలిసినట్టు ఇక్కడి ప్రొఫెసర్లకి తెలియదు.

నువ్వు ఇప్పటికీ సామాజిక తనిఖీ నడిపే ప్రభుత్వ సొసైటీ జీతం మీద ఉంటే, విదేశీ ఆతిథ్యానికి కేంద్ర హోంశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. జె-1 మీద వచ్చినవాళ్లు తిరిగెళ్లి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న షరతు నీకు వర్తిస్తుందో లేదో వీసా స్టాంపు మీద చూసుకో.

భార్యనీ పాపనీ చివరి నెలలో రప్పించుకో, టికెట్లకి సరిపడా మిగిలితే. ఎంపికయ్యాక అద్దె ఒప్పందం, బీమా కాగితం రెండూ నాకు పంపు. సంతకం పెట్టకముందే పంపు, చదివి చెప్తాను.