సంక్రాంతి మాటలు పిల్లలకు గుర్తుండాలంటే

మేడమ్, గొబ్బెమ్మ, హరిదాసు, పిడకలు లాంటి మాటలు బొమ్మల కార్డులతో నేర్పితే రెండో తరగతి పిల్లలు మర్నాటికే మర్చిపోతున్నారని రాశారు కదా. ఆ కార్డులు పక్కన పెట్టేయక్కర్లేదు, వాటితోనే గంగిరెద్దు ఆట ఆడించండి. ఒక పిల్లాడికి రంగుల దుప్పటి కప్పి మెడలో గజ్జెలు వేస్తే వాడే బసవన్న, ఇంకొకరు కార్డు చూపించి "ఇది అరిసేనా బసవన్నా?" అని అడగాలి, అవునైతే తల పైకీ కిందికీ, కాకపోతే అడ్డంగా ఊపాలి. సకినం బొమ్మ చూపించి అరిసె అని బుకాయించమనండి, క్లాసు గొల్లుమంటుంది! కానీ బసవన్న కాదన్నప్పుడల్లా అదేంటో మిగతా అందరూ గట్టిగా చెప్పాలి, ఇది మాత్రం వదలొద్దు, ఊరికే తల ఊపితే మాటలు రావు.

కాస్త నెమ్మదిగా ఉండే క్లాసైతే చుక్కల ముగ్గు. బోర్డు మీద 5 వరసల్లో ఐదేసి చుక్కలు పెట్టి, "తల మీద అక్షయపాత్ర పెట్టుకుని పాడుకుంటూ వచ్చేదెవరు?", "భోగి నాడు పిల్లల తల మీద ఏం పోస్తారు?" లాంటివి అడగండి, సరిగ్గా చెప్పిన జట్టు రెండు చుక్కలు కలుపుతుంది. ముగ్గు వంకరగా వచ్చినా దిద్దకండి.

భోగిపళ్ల ఆటకి నిజం రేగుపళ్లు మాత్రం తేకండి, తొక్కి నేలంతా జిగురు చేస్తారు. చీటీలు ఉండ చుట్టి పోయిస్తే చాలు, ఎవరి ఒళ్లో పడింది వాళ్లు చదవాలి. రోజుకి ఆరేడు మాటలు మించొద్దు, భోగివి ఒకరోజు, కనుమవి ఇంకోరోజు.