నోట్స్ లెక్క ఏఐకి ఒక్క చూపులో తెలియాలంటే?

ప్రశ్న: అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లో రెండు వేలకు పైగా నోట్స్ ఉన్నాయి. వాటిని ఎంసీపీ సర్వర్‌తో (ఏఐకి బయటి ఫైళ్లను, టూల్స్‌ను అందించే ప్రోగ్రాం) ఏఐ అసిస్టెంట్‌కి కలిపాను. ఏది అడిగినా ఫైళ్లన్నీ చదవబోయి మధ్యలో ఆగిపోతోంది. నిన్న రాసిన నోటేమో లేదంటోంది. ఏం చెయ్యాలి?

జవాబు: సర్వర్‌లో ‘స్టేటస్’ అని ఒక టూల్ పెట్టండి. మొత్తం నోట్స్ ఎన్ని, ఏ ఫోల్డర్‌లో ఎన్ని, చివరగా మారిన పది నోట్ల పేర్లు, తెగిన లింకులు (లేని నోటును చూపించేవి), ఇండెక్స్ (వెతకడానికి సర్వర్ ముందే తయారుచేసుకునే నోట్ల జాబితా) ఎప్పుడు తయారైంది అన్నవి చాలు. నోటు లోపలి పాఠం మాత్రం ఇందులోకి రానివ్వకండి. తెలుగు పాఠానికి ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు (ఏఐ పాఠాన్ని విడగొట్టి చదివే ముక్కలు) పడతాయి, అసిస్టెంట్ ఆగిపోయేది అక్కడే. ఏ పనికైనా ముందు స్టేటస్ చూడమని టూల్ వివరణలోనే రాయండి.

నిన్నటి నోటు దొరకలేదంటే ఇండెక్స్ పాతదై ఉంటుంది. నోట్లలో అన్నిటికన్నా కొత్తదాని సమయం ఇండెక్స్ సమయాన్ని దాటితే ‘ఇండెక్స్ పాతది’ అని టూలే చెప్పాలి. లెక్కలోంచి డాట్‌తో మొదలయ్యే ఫోల్డర్లను, టెంప్లేట్లను తీసేయండి.

తెగిన లింకుల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ‘వైద్యం’, ‘పైరు’ లాంటి పేర్లలో ఐత్వం యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ ఉండొచ్చు, రెండుగా విడిపోయీ ఉండొచ్చు. కంటికి ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కి మాత్రం వేరు. ఫైలు పేరునూ లింకునూ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడిపోయిన సంకేతాలను ఒకటిగా కలిపే యూనికోడ్ రూపం) మార్చాకే పోల్చండి. ఇది చెయ్యకపోతే, బాగున్న లింకును తెగిందనుకుని అసిస్టెంట్ అదే పేరుతో ఇంకో నోటు సృష్టిస్తుంది.