నర్సు కోచ్‌గా మారేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను. హెల్త్ కోచింగ్ వైపు, అంటే ఆరోగ్య అలవాట్లు మార్చుకోవాలనుకునేవాళ్లకు మాటలతో తోడుండే పని వైపు, వెళ్లాలనుంది. రెండు రోజుల్లో సర్టిఫికెట్ చేతికిచ్చే కోర్సులున్నాయి, నెలల తరబడి సాగేవీ ఉన్నాయి. దేనికి విలువ?

జవాబు: కోర్సు నడిపేవాళ్లను ముందు ఒకటే అడగండి: "నేను కోచింగ్ చేస్తుంటే విని, తప్పులు దిద్దేవాళ్లు ఉంటారా?" లేరంటే ఆ కోర్సుకు కట్టే డబ్బు దండగే. పాఠాలు పుస్తకంలోనూ దొరుకుతాయి. మన మాట తీరులోని లోపం మాత్రం మనకు వినబడదు, పక్కవాళ్లు చెప్పాల్సిందే.

అమెరికాలో ఈ రంగం ఎదిగిన తీరు చూస్తే ఒక కొలత దొరుకుతుంది. అక్కడ హోలిస్టిక్ నర్సుల (రోగి ఒంటితో పాటు మనసును, బతుకునూ చూసే నర్సుల) సంఘం 1981లో ఏర్పడింది. హోలిస్టిక్ నర్సింగ్‌ను ప్రత్యేక విభాగంగా అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ గుర్తించింది 2006లో, అంటే పాతికేళ్ల తర్వాత. హోలిస్టిక్ నర్సులకు పరీక్ష పెట్టే సంస్థే తర్వాత నర్స్ కోచ్ పరీక్షనూ మొదలుపెట్టింది. దానికి కూర్చోవాలంటే చెల్లుబాటయ్యే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు, నర్సుగా అనుభవం ఉండాలి. వాటికి తోడు కోచింగ్‌లో 60 గంటల చదువు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 60 గంటల కోచింగ్ చూపించాలి. నర్సులు కానివాళ్లూ రాయగలిగే, హెల్త్ కోచ్‌ల నేషనల్ బోర్డు పరీక్ష ఇంకొకటి ఉంది. అది గుర్తింపు పొందిన శిక్షణతో పాటు 50 సెషన్ల లెక్క అడుగుతుంది. ఒక్కో సెషన్ కనీసం 20 నిమిషాలు ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు నిజంగా కోచింగే జరగాలి. ఆరోగ్య పాఠం చెప్పిన సమయం ఆ లెక్కలోకి రాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోండి.

మీరున్న చోట ఈ పరీక్షలు పనికొచ్చినా రాకపోయినా ఈ కొలత పెట్టుకోండి. మొదటి సెషన్ నుంచే లాగ్‌బుక్ రాయండి: తేదీ, ఎన్ని నిమిషాలు, అందులో కోచింగ్ ఎంత, ఎవరు విన్నారు. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుని నింపిన లాగ్‌బుక్ ఎవరి ముందూ నిలబడదు.

ప్రశ్న: క్లయింట్ ఒప్పుకున్నాక ఒక సెషన్ రికార్డు చేసి విన్నాను. మొత్తం నేనే మాట్లాడుతున్నాను! నేర్చుకున్న ప్రశ్నలన్నీ అడిగాననుకున్నాను. ఎక్కడ తప్పింది?

జవాబు: రికార్డు చేసి విన్నారు కాబట్టి సగం పని అయిపోయింది. ఈ ఇబ్బంది దాదాపు ప్రతి నర్సుకూ వస్తుంది. తప్పు కనబడగానే సరిదిద్దాలనే ఆ తొందరకు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌కు (మారడానికి కారణాలను మనిషి చేతనే చెప్పించే సంభాషణ పద్ధతికి) రూపమిచ్చిన విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ 'రైటింగ్ రిఫ్లెక్స్' (righting, అంటే సరిదిద్దడం) అని పేరు పెట్టారు. వార్డులో ఆ తొందరే ప్రాణాలు నిలుపుతుంది. కోచింగ్‌లో మాత్రం ఎదురు తిరుగుతుంది. మారాలా వద్దా అని ఊగిసలాడుతున్న మనిషి ముందు మీరు 'మారాలి' పక్షం తీసుకుంటే, ఆయనకు మిగిలేది 'కుదరదు' పక్షమే. నాలుగుసార్లు ఆ మాట తన నోటితో తానే అన్నాక దాన్ని ఆయన నమ్మేస్తారు కూడా.

మందు ఇదీ. రికార్డింగ్‌లో ఏదో ఒక 10 నిమిషాలు తీసుకుని, మాట వదలకుండా కాగితం మీదికి ఎక్కించండి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు. మీ ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న, విడమరిచి చెప్పించే ప్రశ్న, ప్రతిబింబం, సలహా. ప్రతిబింబం అంటే ఆయన మాటలోని అర్థాన్ని మళ్లీ ఆయన ముందుంచడం. తర్వాత లెక్కపెట్టండి. ఈ పద్ధతిని అంచనా వేసే కొలమానంలో ఒక్కో ప్రశ్నకు ఒక్కో ప్రతిబింబం ఉంటే ఫర్వాలేదు, రెండుంటే మంచి పనితనం. ఆ ప్రతిబింబాల్లో కనీసం 40 శాతం అన్న మాటను దాటి దాని వెనకున్న భావాన్ని పట్టుకోవాలి.

ఒక ముక్క దగ్గరగా చూద్దాం. క్లయింట్ అంటారు: "నడవాలని తెలుసండీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఓపికుండదు." మన నోట వెంటనే వచ్చేది: "అయితే ఉదయం నడవండి." ఆయన: "ఉదయం పిల్లల్ని బడికి పంపాలి కదా." మీరు ఇంకో దారి చూపిస్తారు, ఆయన దాన్నీ కొట్టేస్తారు. ఇక్కడ ఆగి ఇలా అనండి: "నడక ఇష్టమే. ఆ వేళకి ఒంట్లో ఏమీ మిగలడం లేదు." తర్వాత నోరు కట్టేసుకుని మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. "అవునండీ... ఆదివారం అయితే హాయిగా నడుస్తాను" లాంటి మాట బయటికి రావచ్చు. ఆ ఆదివారాన్ని పట్టుకోండి: "ఆదివారం ఏం తేడాగా ఉంటుంది?"

తెలుగులో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. "మిగలడం లేదు" అన్నది "మిగలడం లేదా?" అయిపోతే ప్రతిబింబం కాస్తా విచారణ అవుతుంది. చివర గొంతు దించాలి. రెండోది 'ఎందుకు'. "ఎందుకు నడవలేదు?" అంటే వినేవాళ్లకు సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. "ఏం అడ్డొచ్చింది?" అనండి. అడిగే విషయం అదే, కానీ జవాబు మారిపోతుంది.

ప్రశ్న: క్లయింట్లు లక్ష్యం రాసుకుని సంతోషంగా వెళ్తారు, రెండో వారానికి వదిలేస్తారు. కొందరు మళ్లీ రారు.

జవాబు: ఆ లక్ష్యం ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. మీరు చెబితే ఆయన తలూపి ఉంటే అది మీ లక్ష్యం.

ఆయనదే అయితే పరిమాణం చూడండి. "రోజూ వ్యాయామం చేస్తాను" అనేది కోరిక. "సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి భోజనం తర్వాత 10 నిమిషాలు నడుస్తాను" అన్నది లక్ష్యం. రాసుకున్నాక అడగండి: "0 నుంచి 10 దాకా కొలిస్తే, ఇది చేయగలనన్న నమ్మకం ఎంత?" 7 కన్నా తక్కువ వస్తే నచ్చజెప్పకండి, లక్ష్యాన్ని తగ్గించండి. 5 అన్నవారిని "మరి 8 ఎందుకు కాలేదు?" అని అడిగితే సాకుల చిట్టా వస్తుంది. "5 అన్నారు, 2 అనలేదు. ఆ ధైర్యం దేనివల్ల?" అని అడిగితే ఆయన బలాలు ఆయన నోటనే వస్తాయి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రొచాస్కా, డిక్లెమెంటె చెప్పిన మార్పు దశలు ఇక్కడ పనికొస్తాయి. నెలలోపు మొదలుపెట్టే ఉద్దేశం ఉన్నవారే సిద్ధపడే దశలో ఉన్నట్టు. ఇంకా ఆలోచనలోనే ఉన్న మనిషి చేత కార్యాచరణ కాగితం రాయిస్తే, ఆయన మొహమాటానికి రాసి, సిగ్గుతో మళ్లీ ముఖం చూపించరు. వదిలేసి తిరిగి వచ్చినవారిని ముందు వచ్చినందుకు మనసారా పలకరించండి. తర్వాత ఆ వారం గురించి మాట్లాడండి.

ప్రశ్న: హోలిస్టిక్ నర్సింగ్ అంటే నూనెలు, మూలికలు, మర్దన అనే అందరూ అనుకుంటున్నారు. నేను అవి నేర్చుకోవాలా?

జవాబు: తప్పనిసరి కాదు. రోగి ఒంటితో పాటు నిద్ర, భయం, ఇంట్లో ఆసరా, బతుకులో ఆయన దేన్ని నమ్ముకుని నిలబడ్డారు అన్నవన్నీ అంచనాలో చేరితే అదే హోలిస్టిక్. వైద్యానికి బదులుగా వాడే పద్ధతి కాదు. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీయించడం లాంటివి ముందు నేర్చుకోండి, చాలు.

మూలికలు మీరు ఇవ్వకపోయినా వాటి గురించి తెలిసి ఉండాలి, ఎందుకంటే రోగులు చెప్పకుండా వాడతారు. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ కాలేయంలో మందులను విరిచే ఎంజైముల జోరు పెంచుతుంది. దాంతో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గర్భనిరోధక మాత్రల పని తగ్గుతుంది. కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే సెరొటోనిన్ అనే మెదడు రసాయనం ప్రమాదకరంగా పెరగవచ్చు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే మూలికల పేర్లు రావు. "ఆకులు, పొడులు, కషాయాలు, టానిక్కులు ఏమైనా?" అని విడిగా అడగండి.

ప్రశ్న: కోచింగ్ మధ్యలో క్లయింట్లు ఇన్సులిన్ డోసు అడుగుతారు. నర్సుగా నాకు తెలుసు. చెప్పవచ్చా?

జవాబు: డోసు మార్చమని చెప్పవద్దు. అది మందు రాసిన డాక్టర్ పని. అలాగని తెలిసింది దాచుకోనూ కూడదు. టోపీ మారుస్తున్నట్టు పైకి చెప్పండి: "ఒక్క నిమిషం కోచ్‌గా కాకుండా నర్సుగా ఒక మాట చెప్పవచ్చా?" ముందు ఆయనకేం తెలుసో అడిగి, లేనిది చెప్పి, ఆయనకేం అర్థమైందో మళ్లీ అడగండి.

ప్రమాదం తరచుగా మంచి లక్ష్యంలోనే దాగి ఉంటుంది. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్న మనిషి నడక పెంచి భోజనం తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. ఆ లక్ష్యం రాసేముందే మందుల జాబితా చూసి డాక్టర్‌తో మాట్లాడించండి. షుగర్ డెసిలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే, మింగగలిగే స్థితిలో ఉంటే, వెంటనే పనిచేసే చక్కెర 15 గ్రాములు తీసుకోవాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఇది ఆయనకు ముందే తెలిసి ఉండాలి. నడిస్తే ఛాతీ నొప్పి అన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నానన్నా కోచింగ్ అక్కడికక్కడే ఆపి వైద్యానికి పంపండి. బతకాలని లేదన్న మాట వినబడితే నేరుగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. వస్తోందంటే మనిషిని ఒంటరిగా వదలకుండా సాయం అందేదాకా తోడుండండి.

ప్రశ్న: సెషన్ నోట్సు కేసు షీట్‌లా రాయాలా?

జవాబు: అక్కర్లేదు, పది లైన్లు మించనివ్వకండి. లక్ష్యం ఆయన మాటల్లోనే, నమ్మకం అంకె, అడ్డంకి, మీరిచ్చిన సమాచారం, ఎక్కడికైనా పంపితే ఎక్కడికి, ఎప్పుడు అన్నది, తర్వాతి తేదీ. 'సహకరించడం లేదు' అన్న మాట మాత్రం ఎక్కడా రాయకండి. ఆ స్థానంలో ఏం అడ్డొచ్చిందో రాస్తే వచ్చే సెషన్‌కు మొదటి ప్రశ్న అక్కడే సిద్ధంగా ఉంటుంది.