ద్రాక్షతోటల మధ్య చౌడు కుంటలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఆస్ట్రియా తూర్పు కొసన, హంగరీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న జేవింకెల్ ప్రాంతం గురించి రాశాం కదా. నోయ్‌జీడ్ల్ సరస్సుకు తూర్పున, ద్రాక్షతోటల మధ్య చిన్న చిన్న ఉప్పు కుంటలుండే చోటు. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి వియన్నాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబర్ చివర్లో నేనూ మావారూ వెళ్తున్నాం. వాడేమో పెద్ద సరస్సు దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు, మీరేమో కుంటలు చూడమన్నారు. రెండూ ఒక్క రోజులో అవుతాయా? మావారికి మోకాళ్ళ నొప్పులు. మేం మందు ముట్టం, శాకాహారులం. అక్కడ మాకు తినడానికి ఏమైనా దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అవుతాయండీ, కాకపోతే పెద్ద సరస్సుకి ఓ గంట ఇచ్చి మిగతా రోజంతా కుంటలకే ఉంచుకోండి. ఆ సరస్సు దాదాపు 320 చదరపు కిలోమీటర్లుంటుంది గానీ అందులో సగానికి పైగా రెల్లే, చాలాచోట్ల ఒడ్డున నిలబడితే నీళ్ళు కనిపించవు. పోడర్స్‌డోర్ఫ్ దగ్గర మాత్రం రెల్లు అడ్డం లేదు, నేరుగా నీళ్ళ దాకా వెళ్ళొచ్చు. అక్కడ కాసేపు కూర్చుని ఇల్మిట్స్ ఊరికి వచ్చేయండి.

వియన్నా ప్రధాన స్టేషన్ నుంచి నోయ్‌జీడ్ల్‌కి రైల్లో గంటలోపే, అక్కణ్ణించి ఇల్మిట్స్‌కి బస్సు. శని, ఆదివారాల్లో బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు టైము ముందే చూసి పెట్టుకోమని మీ అబ్బాయికి చెప్పండి. కారు ఉంటే మరీ మంచిది.

మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోకండి. ఆస్ట్రియా అంటే కొండలే గుర్తొస్తాయి గానీ ఇక్కడ మాత్రం అరచేతిలా చదును. దేశం మొత్తంలో అన్నిటికన్నా పల్లపు చోటు పక్క ఊరు ఆపెట్లోన్‌లోనే ఉంది, సముద్రమట్టానికి 114 మీటర్లే. ఇల్మిట్స్‌లో గుర్రబ్బండ్లు దొరుకుతాయి, తోటల మధ్య నుంచి కుంటల పక్కగా నెమ్మదిగా తిప్పి తీసుకొస్తాయి. ఊరిని ఆనుకునే త్సిక్‌లాకె అనే కుంట ఉంది, దానికైతే బండి కూడా అక్కర్లేదు. గాలి మాత్రం గట్టిగా కొడుతుంది, ఎండ ఉంది కదా అని స్వెటర్ ఇంట్లో వదిలేయకండి.

తిండి సంగతి కాస్త జాగ్రత్తగా చదవండి. ఈ ఊళ్ళలో ద్రాక్షరైతులే సీజన్లో తమ పెరట్లో బల్లలు వేసి సొంత వైను, చల్లటి పలహారాలు అమ్ముతారు. రొట్టె మీద రాసుకునే ముద్దలు రకరకాలుగా పెడతారు. లిప్టావర్ అనేది జున్ను, ఎర్రమిరప పొడి కలిపింది, అది మీరు తినొచ్చు. తెల్లగా వెన్నలా కనిపించే ష్మాల్ట్స్ మాత్రం పంది కొవ్వు. చూసి వెన్న అనుకునేవాళ్ళు చాలామంది, అందుకని అడక్కుండా ఏదీ రొట్టె మీద రాసుకోవద్దు. ఇంకోటి, మీరు వెళ్ళే రోజుల్లోనే ష్టుర్మ్ అని కొత్త ద్రాక్షరసం వస్తుంది. మబ్బుగా, తియ్యగా, అచ్చం పళ్ళరసంలా ఉంటుంది గానీ అది అప్పటికే పులుస్తూ ఉంటుంది, అందులో ఆల్కహాల్ ఉంటుంది. మీకు కావలసింది ట్రౌబెన్‌జాఫ్ట్, అంటే పులియని మామూలు ద్రాక్షరసం. ఆ పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి, చాలాచోట్ల దొరుకుతుంది, బాగుంటుంది కూడా.

ప్రశ్న: మేం ఆగస్టులో వెళ్ళాం. మ్యాపులో నీలంగా ఉన్న చోటికి పిల్లలతో ఎండలో సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్తే చుక్క నీరు లేదు, నేలంతా తెల్లగా పొడి పొడిగా ఉంది. కాలుష్యమేమో అనిపించింది. ఒక రోజు వృథా అయింది. ముందే ఎందుకు చెప్పరు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పిల్లలతో అంత దూరం వెళ్ళి ఎండు నేల చూస్తే ఎవరికైనా ఉసూరుమంటుంది. కానీ మీరు చూసింది కాలుష్యం కాదండీ, చౌడు. ఆ కుంటలు అసలు ఉన్నదే దాని వల్ల.

ఈ కుంటల్లోకి ఏరు రాదు, ఏరు పోదు. చలికాలపు వానలు, మంచు, కింద నుంచి ఉబికే భూగర్భజలం, అంతే వాటి ఆధారం. లోతు చాలావాటిలో మోకాలి దాకా కూడా ఉండదు. ఎండాకాలం వచ్చేసరికి నీరు ఆవిరైపోతుంది, నేలలో ఉన్న సోడా నీటితోపాటు పైకి వచ్చి తెల్లటి పొరగా మిగులుతుంది. మన ఊళ్ళలో బట్టలు ఉతకడానికి చౌడు మట్టి వాడేవారు కదా, ఆ పల్లెల్లో కూడా ఒకప్పుడు ఈ తెల్లపొడిని ఊడ్చి తీసుకెళ్ళి సబ్బు తయారీకి అమ్మేవారు. ఆ సోడా వల్లే అడుగున ఉన్న బంకమట్టి ఉబ్బి బిగుసుకుంటుంది, వాన పడ్డప్పుడు నీరు కిందికి దిగిపోకుండా నిలుస్తుంది. కాబట్టి వేసవిలో ఎండటం, చలికాలంలో నిండటం ఆరోగ్యంగా ఉన్న కుంట లక్షణమే.

అసలు బాధ వేరే ఉంది. భూగర్భజలం బాగా కిందికి పడిపోతే ఉప్పు పైకి రావడం ఆగిపోతుంది, ఉన్న ఉప్పు వానకి కిందికి కొట్టుకుపోతుంది, అడుగు వదులైపోయి నీరు నిలవదు. ఆ తర్వాత గడ్డీ రెల్లూ కమ్మేస్తాయి, ఇక అది కుంట కాదు, మళ్ళీ కుంట చేయడం చాలా కష్టం. 19వ శతాబ్దంలో ఈ ప్రాంతంలో వందకు పైగా కుంటలుండేవి, ఇప్పుడు అందులో సగం కూడా లేవు. సాగునేల కోసం ఎన్నో ఏళ్ళ పాటు కాలవలు తవ్వి నీటిని బయటికి పంపించారు, దానికి తోడు పొలాలకి బోరు నీళ్ళు. సాంక్ట్ ఆండ్రే ఊరి దగ్గరున్న త్సిక్‌జే ఈ కుంటలన్నిటిలోకీ జనం బాగా ఎరిగినది, ఈతకి వచ్చేవాళ్ళు, పక్కనే విడిది స్థలాలు. 2022 వేసవిలో అదే పూర్తిగా ఎండిపోయింది. మీరు చూసిన చోట మాత్రం ఉప్పు ఇంకా పైకి వస్తోంది, అందుకని ఆ తెల్లనేలని వృథా అనుకోకండి, కుంట ఇంకా బతికుందనడానికి గుర్తు అదే.

నీళ్ళే చూడాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళండి. ముక్కు కొస పైకి వంగి, నలుపు తెలుపుల్లో ఉండే అవొసెట్ పక్షులు అప్పుడు ఆ ఉప్పునీళ్ళలో పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటాయి. మీ పిల్లలకి అది తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న: ఆ కుంటల్లో దిగొచ్చా?
– ఒక విద్యార్థి, వియన్నా

జవాబు: వద్దు. 1993 నుంచి అక్కడ జాతీయవనం ఉంది, చాలా కుంటలు దాని లోపలే ఉన్నాయి. ఖాళీగా కనిపించే ఒడ్డు మీదే కొన్ని పక్షులు నేల మీద గుడ్లు పెడతాయి, గులకరాళ్ళలో కలిసిపోతాయి, కాలు వేసేదాకా తెలియదు. దారి వదలకండి, చెక్క మంచెలు కట్టి ఉంచారు, అక్కణ్ణించి చూడండి. ఈతకి పోడర్స్‌డోర్ఫ్ ఒడ్డు ఉంది.

ప్రశ్న: బూజు పట్టిన ద్రాక్షతో చేసిన వైను అక్కడ ఎక్కువ ధర పలుకుతుందట. నిజమేనా? మాకు అర ఎకరం ద్రాక్ష ఉంది, బూజు అంటే మాకు టెన్షన్.
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: నిజమే. దానికి కారణం ఈ నీళ్ళే. శరదృతువులో తెల్లవారుజామున సరస్సు మీద నుంచి, కుంటల మీద నుంచి పొగమంచు లేచి తోటల్ని కప్పుతుంది, మధ్యాహ్నానికి ఎండ, గాలి వచ్చి ఆరబెట్టేస్తాయి. ఆ తడికి బొట్రైటిస్ అనే బూజు పండు తోలుకి సన్నటి రంధ్రాలు చేస్తుంది, ఆ ఎండకి లోపలి నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. అలా ముడతలు పడ్డ పళ్ళని చేత్తో ఏరి వైను చేస్తారు, చాలా తియ్యగా ఉంటుంది, పండు ఎంత వేసినా రసం కొంచెమే దిగుతుంది కాబట్టి ధర ఎక్కువ. ఇల్మిట్స్‌కి చెందిన ఆలోయిస్ క్రాహర్ ఈ తీపి వైన్లకి ప్రపంచమంతా పేరు తెచ్చారు, ఆయన 2007లో చనిపోయారు.

మీ తోటకి మాత్రం ఇది పనికొచ్చే ఉపాయం కాదండీ. రోజంతా తడి ఆరకపోతే అదే బూజు పండుని కుళ్ళబెట్టేస్తుంది, పైగా మీది తినే ద్రాక్ష అయితే మచ్చ పడ్డ గుత్తిని మార్కెట్లో ఎవరూ ముట్టరు. మీ పద్ధతిలోనే మందు కొట్టుకోండి, గుత్తులకి గాలి ఆడేలా ఆకు తీయించండి.

మీరు ఎప్పుడైనా అటు వెళ్తే రైతుగా ఒకటి గమనించండి. కోతల ముందు గోరింకల జాతి స్టార్లింగ్ పక్షులు వేలకొద్దీ దిగి తోటల్ని ఖాళీ చేస్తాయి, వాటిని తోలడానికి గ్యాస్ తుపాకులు పేలుస్తారు, చిన్న విమానాలు కూడా తిప్పుతారు. ఒక పక్క పక్షుల కోసం కాపాడుకునే కుంట, గట్టు దాటితే పక్షుల్ని తోలే తోట. ఆ పొగమంచు కావాలంటే తోటకి కుంట ఉండాలి, కుంటకి నీరు ఉండాలంటే తోటవాళ్ళు బోర్లు తగ్గించుకోవాలి. ఇప్పుడు కొన్ని కాలవలకి అడ్డుకట్టలు వేసి, వాన నీటిని బయటికి పోనివ్వకుండా ఆపే పని జరుగుతోంది. అనంతపురంలో చెరువు కింద సేద్యం చేసేవాళ్ళకి ఆ లెక్క విడిగా చెప్పనక్కర్లేదు, ఆ అడ్డుకట్టలు ఎలా వేశారో మాత్రం దగ్గర నుంచి చూసి రండి.