నెల్లూరులో పురస్కార సభ పదిమందికీ గుర్తుండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా సంఘం తరఫున నెల్లూరులో పదిమంది ఉపాధ్యాయులను సత్కరించాలని అనుకుంటున్నాం. సభ మొక్కుబడిగా కాకుండా గుర్తుండిపోవాలంటే ఏం చేయాలి?

ముందు వేదిక మీద కుర్చీలు తగ్గించండి. మన సభలు చప్పగా ఉండేది అక్కడే: వక్తలు గంటన్నర మాట్లాడతారు, సన్మానం పది నిమిషాల్లో ముగిసిపోతుంది. ముఖ్య అతిథి ఒక్కరు చాలు. ఆయన ఆలస్యమైనా చెప్పిన వేళకే సభ మొదలుపెట్టండి.

ఒక్కో గ్రహీతకు నాలుగు నిమిషాలు కేటాయిస్తే మొత్తం నలభై నిమిషాలు. "విశేష సేవలందించిన" అనే అరిగిపోయిన మాటకు బదులు ఆ మనిషి చేసిన ఒక్క పని చెప్పించండి. బడి మానేసి రొయ్యల చెరువు పనికి వెళ్తున్న పిల్లవాణ్ణి తిరిగి తరగతికి తెచ్చిన సంగతి ఉంటే, అది ఆ పిల్లవాడి నోటే వినిపించండి. హాలు దానంతటదే నిశ్శబ్దమవుతుంది. సన్మాన పత్రంలో ఇంటిపేరు, పొడి అక్షరాలు అచ్చుకు ముందే గ్రహీతకు చూపించండి. తప్పుపడిన పత్రాన్ని ఎవరూ గోడకు తగిలించరు.

శాలువాలు ఇప్పటికే బీరువా నిండా ఉంటాయి. ఉదయగిరి చెక్క చెంచాల పెట్టె ఇస్తే రోజూ వంటింట్లో కనిపిస్తుంది. ముందు వరుస గ్రహీతల కుటుంబాలకే.

ఆరుబయట పెట్టాలనుకుంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు, ఈశాన్య రుతుపవనాల వానలు మనకు అప్పుడే. జనవరి చివర, ఫిబ్రవరి సాయంత్రాలు హాయిగా ఉంటాయి. చివర్లో మలై కాజా పెట్టండి, వందన సమర్పణ దాకా ఎవరూ కదలరు.