కశ్మీర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ యాత్ర.. ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 52,000 వస్తుంది, ఇంటి లోన్ ఈఎంఐ 16,000. నా భార్య గృహిణి, పాపకు ఆరేళ్లు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సైకిల్ తొక్కాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. 1.2 లక్షల సైకిల్ ఈఎంఐలో తీసుకుని, దారి ఖర్చులకు 1.5 లక్షల ఎఫ్‌డీ తీసేద్దామనుకుంటున్నా. ఈఎల్‌లు (జీతంతో కూడిన సెలవులు) 25 ఉన్నాయి. దసరాకు 45,000 బోనస్ వస్తుంది. సలహా ఇవ్వండి.

జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ మీ లెక్కలో సైకిల్ ఉంది, దారి ఖర్చు ఉంది, ఆగిపోయే జీతం మాత్రం లేదు.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 3,600 కిలోమీటర్లు. రోజుకు 80 చొప్పున తొక్కితే 45 రోజులు. ఒళ్లు నొప్పులకు, వానలకు పది రోజులు వదిలేయండి. రానుపోను కలిపి 60 రోజులు. ఈఎల్‌లు పోను 35 రోజులు లాస్ ఆఫ్ పే, అంటే దాదాపు 60,000 రాదు. ఈఎంఐ, స్కూల్ ఫీజు మాత్రం ఆగవు కదా!

తిండికి, బసకు రోజుకు 1,200 వేసుకుంటే 55 రోజులకు 66,000. పంజాబ్‌లో గురుద్వారాలు, దారి పొడవునా దాబాలు ఉంటాయి కాబట్టి ఇంకా తగ్గొచ్చు, కానీ తగ్గించి లెక్క వేయకండి. హెల్మెట్, లైట్లు, సామాను బ్యాగులు, పంక్చర్ కిట్‌కు 15,000. సైకిల్‌ను వెంటబెట్టుకుని శ్రీనగర్ చేరడానికి, కన్యాకుమారి నుంచి తిరిగి రావడానికి 20,000. రిపేర్లకు, మందులకు 15,000. రాని జీతంతో కలిపి 1,76,000.

ఈ ఆగస్టులో నెలకు 7,000తో 24 నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి. కట్టేది 1,68,000. వడ్డీ 6 శాతం ఉన్నా మరో పది వేలు వస్తుంది. సెప్టెంబరులో శ్రీనగర్‌లో బయల్దేరితే అక్కడి చలి ముదరకముందే కిందికి దిగొచ్చు. నవంబరులో తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వాన తప్పదు, రెయిన్‌కోటు మర్చిపోకండి.

ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. అది మీ ఇంటికి నాలుగు నెలల ఊపిరి కూడా కాదు.

సైకిల్ మాత్రం ఈ దసరాకే కొనేయండి, బోనస్ డబ్బుతో, 45,000 లోపు. స్టీల్ ఫ్రేమ్ చూడండి. దారిలో విరిగితే ఏ చిన్న ఊళ్లోనైనా వెల్డింగ్ పెట్టిస్తారు, కార్బన్ ఫ్రేమ్‌కు ఆ సౌకర్యం లేదు. ట్యూబ్ సైజు కూడా మామూలు షాపుల్లో దొరికేదై ఉండాలి. ఈ రెండేళ్లూ ఆదివారాలు తొక్కండి. హైదరాబాద్‌లో జరిగే 200 కిలోమీటర్ల బ్రెవేకు (గడువులోగా పూర్తి చేయాల్సిన సుదూర సైకిల్ రైడ్) ఒకసారి వెళ్లండి, గడువు పదమూడున్నర గంటలు. అది పూర్తి చేశాక కూడా వెళ్లాలనిపిస్తేనే మిగతా సామాన్లు కొనండి. అప్పటికి మనసు మారితే ఆర్‌డీ డబ్బు లోన్‌కు కట్టేయొచ్చు, నష్టమేమీ లేదు.

మీ కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా జీతం లేని సెలవులో వర్తిస్తుందో లేదో అడగండి. వర్తించకపోతే సొంత పాలసీ ముందే తీసుకోండి. బ్యాంకులో ఏటా 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా (సురక్షా బీమా యోజన) ఉంది, కానీ ఇంటి లోన్ ఉన్న మనిషికి అది చాలదు. విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, టర్మ్ పాలసీ ఉండాలి. నామినీగా మీ ఆవిడ పేరు ఉందో చూసుకోండి.

శ్రీనగర్ టికెట్ మాత్రం హెచ్‌ఆర్ నుంచి సెలవు మంజూరు మెయిల్ వచ్చాకే బుక్ చేయండి. నోటి మాట మీద వద్దు.