పెరట్లో కనిపించిన నల్ల పాము కట్లపామేనా? ఎట్లా గుర్తుపట్టాలి?

మీరు అడిగింది ఇదే కదా, కపిలతీర్థం వైపు అద్దెకి దిగినారు, రాత్రి పెరట్లో నల్లగా తెల్ల చారలతో సన్న పాము కనిపించింది, పక్కింటాయన కట్లపాము అంటాడు, ఓనరేమో బల్లుల్ని తినేదిలే ఏం కాదు అంటాడు, ఎవరి మాట నమ్మాలని. మాది అలిపిరి దగ్గర, ఇంటెనకాలే శేషాచలం కొండ, అక్టోబర్ వానలు మొదలైతే చాలు సంపు పక్కనో కొబ్బరి మట్టల కిందో ఏదో ఒకటి చుట్టుకోనుంటాది, చిన్నప్పట్నుంచీ చూస్తా ఉన్నాం.

వాళ్ళిద్దరూ ఊరికే ఏమీ అనలేదండి. ఆ రెండు పాములకీ తేడా పట్టడం నిజంగానే కష్టం. కట్లపాముకి ఒళ్ళు నిగనిగలాడే నలుపు, గీతలు సన్నగా, చాలావరకు జంటలు జంటలుగా ఉంటాయి, మెడ దగ్గర దాదాపు ఉండవు, తోక వైపు పోయేకొద్దీ క్లియర్‌గా కనిపిస్తాయి. ఓనర్ చెప్పేది ఉల్ఫ్ స్నేక్ అనేది, విషం లేదు, దానికి ఇదంతా రివర్సు: ఒళ్ళు గోధుమ రంగు, మెడ దగ్గరే పట్టీలు వెడల్పుగా ఉండి తోకకి పోయేసరికి మాసిపోతాయి. గోడెక్కి ట్యూబ్‌లైట్ పక్కన బల్లి కోసం కాచుకోనుంటే ఎక్కువగా అదే. కానీ ఇక్కడే తిరకాసు, కట్లపాము పిల్లలకి మెడ దాకా గీతలుంటాయి, అప్పుడీ లెక్క పనిచేయదు. అందుకే చిన్నది కనిపిస్తే నేను కట్లపామనే అనుకుంటా, తర్వాత కాకపోతే మంచిదే.

పాము కంటే నేను ఎక్కువ నమ్మేది కుబుసాన్ని. మాకు బట్టలుతికే రాయి వెనక ఒకటి దొరికింది, ఎండకి పట్టి చూస్తే వీపు మధ్యలో ఒక వరస పొలుసులు మాత్రం పక్కవాటికంటే పెద్దగా, ఆరు మూలలతో, మెడ నుంచి తోక దాకా నేరుగా పోయినాయి, తిరగేసి తోక అడుగున చూస్తే పొలుసులు రెండుగా చీలకుండా ఒంటివి. ఈ రెండూ కలిసినాయంటే కట్లపామే. ఉల్ఫ్ స్నేక్‌కి తోక కింద జంట పొలుసులుంటాయి, వీపు మీద పెద్ద వరస ఉండదు. కుబుసానికి రంగు పెద్దగా రాదు కాబట్టి చారల కోసం వెతకొద్దు, ఫోన్‌లో జూమ్ చేసి పొలుసులే చూడండి.

మిగతావి ఇంత తలనొప్పి కాదు. పగటిపూట సర్రుమని పారిపోయే పొడుగాటిది, పెద్ద కళ్ళు, పెదాల మీద నల్ల గీతలుంటే జెర్రిపోతు, ఎలుకల్ని తింటాది, పోనీయండి (నాగుపాముతో జత కడతాదనేది ఉట్టి మాట, రెండు పెనవేసుకోని లేస్తే అవి మగ జెర్రిపోతులు కొట్లాడుకుంటా ఉంటాయంతే). వీపు మీద మూడు వరసలు గొలుసు మచ్చలు, లావుగా కదలకుండా పడుండి కుక్కర్ విజిల్ మాదిరి బుసకొడితే రక్తపింజరి, దాని జోలికి అస్సలు పోవద్దు. మచ్చలు అడ్డదిడ్డంగా ఉండి తోక మొద్దుగా ఉంటే అది పూడుపాము, దాన్ని రక్తపింజరి అనుకోని కొట్టి చంపేస్తా ఉంటారు పాపం. ఇక రెండు తలల పాముకి లక్షలొస్తాయని ఎవడైనా వస్తే గేటు దగ్గర్నుంచే పంపించేయండి, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

మీ విషయానికొస్తే, అది తేలేదాకా కింద పడుకోవద్దు, మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము తిరిగేది రాత్రే, కాటు నొప్పే ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు, తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, అప్పటికి గ్యాస్ ట్రబుల్ అనుకోని సోడా తాగిస్తారు! అట్లాంటిది ఏ కొంచెం అనిపించినా 108కి ఫోన్ చేసి నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి పోవడమే, మంత్రం వద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, కొయ్యొద్దు. పామును చంపి సంచిలో వేసుకోని పోవాల్సిన పని కూడా లేదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ మన దగ్గర ఇచ్చే విరుగుడు ఒకటే.

ఫినాయిల్, వెల్లుల్లి వీటికి డబ్బులు తగలేయొద్దు, వాసనకి అవేం ఆగవు. గోడ వారగా ఉన్న ఇటుకలు తీసేయించండి, బాత్రూం నీళ్ళు పోయే తూముకి జాలీ వేయించండి, ఎలుకలు తగ్గితే ఇవీ తగ్గుతాయి. మళ్ళీ కనిపిస్తే దూరం నుంచే తల, మెడ, తోక మూడూ పడేట్టు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కుబుసం దొరికితే తోక అడుగు భాగం కూడా తీయండి, చూసి చెప్తా.